తట్ట మోసే చేతులు, చదువుకునే చేతులు

(పూతలపట్టులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సభలో రాక్షసబల్లుల కథేమిటని మీకనిపించవచ్చు. ఇక్కడి నుంచి తిరుపతికి పోయే జాతీయ రహదారి లాంటి పెద్ద పనుల్లో మట్టి తట్టలు మోసే ఆడవాళ్లను మీరంతా చూసినవారే. భూమిలోంచి ఏం బయటపడినా ముందుగా చూడగలిగిన కళ్లు వాళ్లవి. ఆ చూపుకు శాస్త్రంలో చోటుందా?

పూతలపట్టు చుట్టుపక్కల ఎక్కువగా గ్రానైటే. కరిగిన రాయి చల్లబడి గట్టిపడింది కనుక అందులో శిలాజాలుండవు. గోదావరి లోయ సంగతి వేరు. మహలనోబిస్ ఆహ్వానం మీద 1957లో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చారు. అక్కడ భూగర్భశాస్త్ర విభాగానికి పునాది వేసి, మన యువకులకు తర్ఫీదిచ్చారు. ఆ సంస్థ బృందానికి గోదావరి లోయలో 300 దాకా ఎముకలు దొరికాయి. రవీంద్రుని శతజయంతి 1961లో వచ్చింది కనుక ఆ జంతువుకు ఆయన పేరు కలిపి ‘బరపాసారస్ టాగోరై’ అన్నారు. నేర్పింది ఒక స్త్రీ. 1975లో ఆ పేరు పెట్టిన వ్యాసం మీద ఉన్నవి నలుగురు పురుషుల పేర్లు. ఎవరి ప్రతిభనూ తక్కువ చేయడం లేదు. అడవిలో గుడారాల్లో నెలలు గడిపే చదువుకు ఆనాడు ఎన్ని ఇళ్లు ఆడపిల్లను పంపేవి? ఈనాడు మాత్రం ఎన్ని పంపుతున్నాయి?

పనామా కాలువను వెడల్పు చేసే పని 2007లో మొదలై 2016లో ముగిసింది. తవ్విన చోటును వానలూ చెట్లూ మళ్లీ కమ్మేస్తాయి కనుక శాస్త్రజ్ఞులు యంత్రాల వెనకాలే తిరిగి ఏరుకున్నారు. దాదాపు 2 కోట్ల 10 లక్షల ఏళ్లనాటి కోతి పళ్లు అలా దొరికినవే. అమెరికా ప్రభుత్వ నిధులతో అమెరికా, పనామా విద్యార్థులకు అదే బడి అయింది.

మన దగ్గర కూలీ స్త్రీ ‘ఇక్కడేదో ఎముకుంది’ అంటే ఏమవుతుంది? పని ఆగుతుంది, ఆమె కూలి పోతుంది. మరి ఎందుకు చెబుతుంది? పని ఆగిన రోజులకూ కూలి ఇవ్వాలన్నది మన మొదటి డిమాండు కావాలి.

ఇక ఆమె కూతురి సంగతి. కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌కు 2022 నిబంధనల ప్రకారం దేశం మొత్తానికి 125 స్థానాలు. అందులో భూమిలేని వ్యవసాయ కూలీలకూ చేతివృత్తుల వారికీ కలిపి 4! మొత్తంలో స్త్రీలకు 30 శాతం. ఈ కాస్తయినా ఎవరికందుతోంది? సైన్సు చదివే కూలీల ఆడపిల్లలు మీ మండలాల్లో ఎవరున్నారో రాసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు తహసీల్దారు ఆఫీసుకు వాళ్లు ఒంటరిగా తిరగకుండా మనలో ఒకరు వెంట వెళ్లాలి.