కొండకు కొండకు నడుమ

పామూరునకు పడమట వెలిగొండల వరుస గలదు. అందలి భైరవకోనకు మనలో ఎందరో పోయి, రాతిలో తొలిచిన ఎనిమిది గుడులను, వాని చెంత జాలువారు నీటిని చూచి వచ్చి యుందుము. ఈ కొండలకు ఉత్తరమున నల్లమల గలదు. దక్షిణమున పెంచలకోన, అటుపైన తిరుమల శేషాచలము గలవు. మన కంటికి ఇవి వేర్వేరు కొండలు, వేర్వేరు క్షేత్రములు. అడవి మృగమునకు మాత్రము ఇదియంతయు ఒక్కటే ఇల్లు. ఆ ఇంటి గదుల నడుమ తలుపులు మూసికొని పోరాదనియే నేడు మేము చెప్పదలచినది.

గదులను కాపాడు ప్రయత్నము జరుగకపోలేదు. నాగార్జునసాగర్–శ్రీశైలము అడవి 1983లో పులుల రక్షిత ప్రాంతమైనది. లంకమల 1988లోను, పెనుశిల 1997లోను అభయారణ్యములైనవి. శేషాచలమున 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము ఏర్పడినది. అయితే వీని నడుమ ఊళ్ళు, పొలములు, పెన్నానది ఉన్నవి. గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు రోడ్డును, రైలుదారియు నల్లమలను అడ్డముగా కోయుచున్నవి.

దారి తెగినచో ఏమి నష్టము? ఎదిగిన మగపులి తల్లిని విడిచి తనకొక తావు వెదకికొనవలెను. దారి లేనిచో ఉచ్చులో పడును, లేదా పుట్టినచోటనే పోట్లాడి చచ్చును. చిన్న అడవిలో చిక్కుకొన్న జంతువులు తరతరములు తమలో తామే జతకట్టవలసి వచ్చును. మేనరికములే సాగిన వంశమునకు కలుగు చిక్కులు వానికిని కలుగును.

చెట్ల సంగతియు ఇంతే. ఎలుగుబంటి తునికిపండ్లు, నేరేడుపండ్లు తిని, గింజలను మరియొక కొండపై విడుచును. పికిలిపిట్ట, గబ్బిలము ఈ పనియే చేయును. బోడిగుట్టకు కంచె వేసి, కందకములు త్రవ్వి, మొక్కలు నాటుట మంచిదే. కాని పిట్టయు జంతువును అచ్చటికి చేరు దారి లేనిచో అది తోటగా మిగులునే గాని అడవి కానేరదు.

దారి యనగా దట్టమైన చెట్లే కానక్కరలేదు. కలివికోడి కథ ఇందుకు నిదర్శనము. 1848లో జెర్డన్ దొర లోకమునకు తెలిపిన ఈ పక్షి, 1900 తరువాత ఎవరికిని కానరాక, నశించినదని తలచుచుండగా, 1986 జనవరిలో లంకమల ప్రాంతమున మరల దొరకినది. దాని నివాసము పెద్ద అడవి కాదు; ముళ్ళపొదలు పలుచగా పెరిగిన నేల. మనము పనికిరాని పోరంబోకు అని త్రోసివేయునది అట్టి నేలనే. దానిని దున్నివేసినను చెరుపే. అభివృద్ధి పేర జామాయిల్ నింపినను చెరుపే. పొదలనేలకు పొదలనేలయే వంతెన.

రోడ్లు మానవలెనని మేము చెప్పుట లేదు. మహారాష్ట్రలో పెంచ్ అడవి మీదుగా పోవు 44వ జాతీయ రహదారికి అడుగున జంతువులకై మార్గములు కట్టిరి. పులులు వానిలో నడచుట కెమెరాలకు చిక్కినది. దోర్నాల–శ్రీశైలము దారిలో రాత్రివేళ వాహనములను ఆపుటయు ఇట్టి ఉపాయమే.

ఇంకొక మాట దాచరాదు. దారి తెరచియున్నచో అడవిపందియు వచ్చును. కందిచేను పోగొట్టుకొన్న రైతుకు అడవి గొప్పతనము చెప్పిన లాభమేమి? నష్టపరిహారము ఆలస్యము లేక అందినపుడే అతడు అడవికి పొరుగువాడుగా నిలుచును. చేనిచుట్టు కరెంటుతీగ కట్టుట మాత్రము పందితోపాటు పులినే గాక, తెల్లవారుజామున పొలమునకు పోవు మనిషినిగూడ చంపును. అది ఎన్నటికిని తగదు.

2022 డిసెంబరులో మాంట్రియల్ నగరమున పెక్కు దేశములు కూడి, 2030 నాటికి భూమిలోను సముద్రములోను నూటికి 30 వంతులు కాపాడవలెననియు, ఆ ప్రాంతములు ఒకదానితో ఒకటి చక్కగా కలిసియుండవలెననియు నిర్ణయించినవి. ఆ కలుపు పని మాత్రము మన ఊరి పొలిమేరలోనే జరుగవలెను. వెలిగొండలలో పుట్టిన మన్నేరునకు ఎన్నో వాగులు నీరు చేర్చుచున్నవి. ఆ వాగుల గట్లు, చెరువు కట్టలు, రాతిగుట్టలు, గుడిచెంత తోపులు – ఇవియే కొండనుండి మైదానమునకు దిగు సన్నని దారులు. సర్కారుతుమ్మ క్రమ్మినచోట దానిని తీసివేయవలెను. వేసవిలో కొండకు నిప్పు పెట్టరాదు.

శ్రోతలారా, ఈ వారములో ఒక సాయంకాలము మీ ఊరి వాగుగట్టున నడచి, చెట్ల వరుస ఎచ్చట తెగినదో గుర్తించుడు. తొలకరి పడగానే అచ్చట ఒక కానుగ, ఒక నేరేడు నాటి, మేకలు మేయకుండ రెండేండ్లు కంప కట్టుడు. తరువాతి పనిని పిట్టలు చూచుకొనును.