ఓడ మీద బియ్యం, పొలంలో ఉప్పు
(చాతంలో జరిగిన కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



1883లో నెలకొన్న కలప కోత మిల్లు వలన చాతం పేరు దేశానికి తెలిసింది. నేడు మేము కలపను గురించి గాక బియ్యాన్ని గురించి మాట్లాడదలచాము. ఈ ద్వీపాలు తినే బియ్యంలో అధిక భాగం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావలసినదే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వలస వచ్చిన మన తెలుగు కుటుంబాలకు ఇది అనుభవంలో ఉన్న సంగతే.

ఓడదారి తెగితే ఏమగునో ఈ నేల చూసింది. 1942లో జపాన్ సైన్యం ఈ ద్వీపాలను ఆక్రమించింది. యుద్ధం చివర తిండికి కరువు రాగా, 1945 ఆగస్టులో వందలాది పౌరులను పంట పండించే నెపంతో హేవ్‌లాక్‌కు, అనగా నేటి స్వరాజ్ ద్వీపానికి తరలించి సముద్రంలోకి దింపివేశారు. మునిగినవారు మునుగగా, ఒడ్డు చేరినవారిలో ఎందరో ఆకలికి బలియైనారు.

స్వతంత్ర భారతం 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో, అనగా నేటి శ్రీ విజయపురంలో, కేంద్ర వ్యవసాయ పరిశోధనా సంస్థను నెలకొల్పింది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో దక్షిణ అండమాన్ నేల కుంగింది. సునామీ తెచ్చిన ఉప్పునీరు సిప్పీఘాట్ వంటి చోట్ల పొలాలలో నిలిచిపోయింది. శాస్త్రజ్ఞులు ఉప్పును తట్టుకొను కారి ధాన్ 5 వంటి వరి రకాలను రూపొందించారు. ఎత్తయిన మడులు, వాటి నడుమ లోతైన చాళ్లు తీయు పద్ధతిని చూపారు. ఏటా 3,000 మిల్లీమీటర్లకు చేరువగా కురియు వాన మడుల ఉప్పును కడుగుతుంది. పైన కూరగాయలు, చాళ్లలో వరి, చేపలు పెరుగుతాయి.

ఇది మెచ్చదగిన కృషి. అయినను విత్తనం పరిశోధనా క్షేత్రంలో ఉన్నంతవరకు అది అన్నం కాదు. గట్టు తెగి, తూము పాడైన చోట ఏ రకమూ నిలువదు. బర్మా నుండి వచ్చిన పాత సి 14-8 రకాన్ని రైతు విడువకపోవుట అజ్ఞానం కాదు. తక్కువ పెట్టుబడితో గింజను, పశువుకు గడ్డిని అది ఇస్తున్నది.

2013 నాటి ఆహార భద్రతా చట్టం అర్హులైన పేద కుటుంబాలలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. ఓడ ఆలస్యమైతే ఆ హక్కు రేవులోనే ఆగుతుంది.

కనుక మేము కోరునది ఇది: సముద్రపు గట్లు, తూములు ప్రభుత్వ ఖర్చుతో బాగుచేయాలి. విత్తనం అదనులో రైతుకు అందాలి. వర్షాకాలానికి ముందే ప్రతి ద్వీపంలో ధాన్యం నిల్వ చేయాలి. బస్తా మోసే హమాలీకి న్యాయమైన వేతనం దక్కాలి. పరిశోధన పంటను నిర్ణయించే వేళ పండించేవానిని, మోసేవానిని కూడా సంప్రదించాలి. ఈ కోర్కెల సాధనకు రైతు సంఘాలతో చేయి కలపవలసినదిగా మిమ్ములను కోరుచున్నాము.