‘కాంగ్రిగేషను’ అను మాట



ఈ శతవార్షికోత్సవ సమయమున, మన దేవాలయములలో నిత్యము వినబడు ఒక ఇంగ్లీషు మాటను గూర్చి నాలుగు సంగతులు మనవి చేయుదును. ఆ మాట ‘కాంగ్రిగేషను’. “ఈ ఆదివారము కాంగ్రిగేషను ఎంత వచ్చినది?” అని గురువులము ఒకరినొకరము అడుగుకొందుము. లెక్కకు వాడుకొనుటయే గాని, దాని అర్థమును తలంచువారము తక్కువ.

ఇది లాటిను భాషనుండి వచ్చినది. ఆ భాషలో ‘గ్రెక్స్’ అనగా మంద. ‘కాన్’ అనగా కూడ. మందగా కూర్చుట అని భావము. దుత్తలూరు, ఉదయగిరి ప్రాంతములవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. మనది మెట్ట. నెల్లూరు జాతి గొర్రెలకు పేరుపొందిన జిల్లా. పగలంతయు చెదరి మేసిన జీవాలు కాపరి అదలింపు వినగానే ఒక్కచోటికి చేరును. రాత్రి రైతు చేనిలో మంద నిలుపుదురు. ఒంటి గొర్రె వలన చేనికి బలము రాదు. మంద పండుకొనిన చేనికే ఎరువు.

1526లో విలియం టిండేలు ఇంగ్లీషు క్రొత్త నిబంధనను అచ్చువేయించినప్పుడు, మన బైబిలులో ‘సంఘము’ అని ఉన్న గ్రీకు మాటకు ‘చర్చి’ అని వ్రాయక ‘కాంగ్రిగేషను’ అని వ్రాసెను. సర్ థామస్ మోరు దీనిని తీవ్రముగా ఆక్షేపించెను. సంఘమనగా గురువుల అధికారము కాదు, విశ్వాసుల కూడిక అను భావము ఆ మాటలో ఉన్నది గదా! 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో మరల ‘చర్చి’ అను మాటయే నిలిచెను.

అదే ‘గ్రెక్స్’ ముందు ‘సె’ చేర్చినచో ‘సెగ్రిగేషను’, అనగా మందనుండి వేరుపరచుట. అమెరికాలో నల్లవారిని బడులలో, బస్సులలో వేరుచేసిన ఏర్పాటుకు ఇదే పేరు. మన యెడల దాని పేర్లు వెలివాడ, రెండు గ్లాసులు.

1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరినప్పుడు, సువార్తకు దగ్గరగా వచ్చుచున్న పై కులములవారు మాదిగలను చేర్చుకొనుటకు అభ్యంతరము చెప్పిరి. ఆయనయు భార్యయు వేర్వేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడెనట. యెర్రగుంట్ల పేరయ్యగారి వెంట వచ్చిన బీదలను వారు త్రోసివేయలేదు. మనలో అనేకుల సంఘచరిత్ర అట్టి తీర్మానములతోనే ఆరంభమైనది.

అయితే మన సంగతి యేమి? నేను సేవచేసిన ఒక గ్రామములో ప్రభువు బల్ల ఒక్కటే గాని సమాధుల తోటలు రెండు. ఒక పేటవారు మరియొక పేటవారి ప్రక్కన పాతిపెట్టబడుటకు ఒప్పుకొనరు. ఒక వృద్ధురాలు మరణించిన దినమున, “అయ్యగారూ, మా అమ్మను ఆ తోటలో పెట్టనిస్తారా?” అని ఆమె కుమారుడు నన్ను అడిగెను. తగవు పెరుగునని భయపడి నేను మౌనముగా నుంటిని. ఆ దినమున నా రిజిష్టరులో కాంగ్రిగేషను లెక్క పెద్దదే. కాని కూర్చవలసిన కాపరి వేరుపరచువారి ప్రక్కన నిలిచెను. ఆ తప్పు నాది.

ప్రియులారా, నూరేండ్ల లెక్కలు చెప్పుకొని సంతోషించుట మంచిదే. ఆ లెక్కలలో ఉన్నవారందరు ఒకే బల్లయొద్ద, ఒకే పెండ్లిపందిరిలో, ఒకే మట్టిలో కూడుదురా అని కూడ అడుగుకొందము. మంద ఒక్కటి, కాపరి ఒక్కడు కావలెనని కోరిన ప్రభువు మనలను కూర్చునుగాక. ఆమేన్.