అమ్మమ్మ పాడిన రామాయణం తప్పా?

ఈరోజు నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

మా అమ్మమ్మ మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడేది. లక్ష్మణుడు అడవికి వెళ్ళాక ఊర్మిళ 14 ఏళ్ళు నిద్రలోనే ఉండిపోతుంది. ఆయన తిరిగొచ్చి లేపితే, ఎవరో పరాయి మగవాడనుకుని గద్దిస్తుంది. నేను డిగ్రీలో వాల్మీకి రామాయణం వచనంలో చదివి, “అమ్మమ్మా, ఇది వాల్మీకిలో లేదు, ఎవరో కల్పించారు” అనేశాను. “అట్లాగా నాయనా” అంది, అంతే. మళ్ళీ నా ముందు ఎప్పుడూ పాడలేదు.

చాలా ఏళ్ళకి ఎ.కె. రామానుజన్ ‘మూడు వందల రామాయణాలు’ వ్యాసం చదివాను. ఆయన 1929లో మైసూరులో పుట్టారు. ఇంగ్లీషులో, కన్నడంలో కవి. షికాగో యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. వాల్మీకి, కంబడు, జైనులు, థాయిలాండ్ వాళ్ళు, కన్నడ జానపదులు, వీళ్ళందరి రామకథల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి అసలు, మిగతావి నకళ్ళు అనలేదు. ప్రతిదీ ఒక ‘చెప్పడం’ అన్నారు.

అందులో ఒక ముచ్చట చూడండి. సంస్కృతంలోనే ఉన్న అధ్యాత్మ రామాయణంలో, రాముడు అడవికి రావద్దంటే సీత ఏమని వాదిస్తుందో తెలుసా? ఇన్ని రామాయణాలున్నాయి కదా, సీత వెళ్ళనిది ఒక్కటైనా ఉందా అంటుంది! అంటే కథలో ఉన్న సీతకే తెలుసు, రామాయణాలు చాలా ఉన్నాయని. నాకే తెలియలేదు.

ఆ వ్యాసం 1991లో అచ్చయిన పుస్తకంలోనే, తెలుగు ఆడవాళ్ళ రామాయణ పాటల మీద వెల్చేరు నారాయణరావు గారి వ్యాసం కూడా ఉంది. అందులో ఊర్మిళ నిద్ర కనిపించగానే నాకు గొంతు పట్టేసింది. ఎందుకంటే అప్పటికి అమ్మమ్మ లేదు. ఆ పాటలో నాకిప్పుడు నాలుగు చరణాలే గుర్తున్నాయి. ఇదే పాట పుస్తకాల్లో దొరుకుతుంది, నిజమే. కానీ ఆవిడ పాడిన తీరు, మధ్యలో ఆగి చెప్పే మాటలు ఎక్కడ దొరుకుతాయి?

వాల్మీకిని చదవండి, తప్పకుండా చదవండి. కానీ ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దావిణ్ణి ఒక పాట పాడమని అడిగి, ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. పుస్తకంలో లేదని మాత్రం అనకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.