అమానతు



నాయకత్వమును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆజ్ఞాపించారు. మేము పండితులము కాము. తెలిసిన ఒక్క మనిషి సంగతి చెబుతాము.

డాక్టర్ జాకిర్ హుసేన్ గారు 1897లో మన హైదరాబాదులోనే పుట్టారు. 1967లో రాష్ట్రపతి అయ్యారని పిల్లలు కూడా చెబుతారు. మాకు ఆ పదవికన్నా అంతకుముందరి 22 ఏండ్లు గొప్పగా తోస్తాయి. జర్మనీలో డాక్టరేటు పొంది 1926లో తిరిగివచ్చి, మూతబడే స్థితిలోనున్న జామియా మిల్లియా భారం నెత్తిన వేసుకున్నారు. దానికి పెద్దదిక్కుగా ఉన్న హకీం అజ్మల్ ఖాన్ గారు 1927 డిసెంబరులో కన్నుమూశారు. డబ్బు లేదు. అప్పుడు జాకిర్ సాబు, తోటి ఉపాధ్యాయులు 20 ఏండ్లు అక్కడే పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోమని మాట ఇచ్చుకున్నారు. ఆయన 1948 దాకా కదలలేదు. ఇక అటువంటివారు చందాకు వస్తే ఎవరు కాదంటారు?

మన సంఘం సంగతికి వద్దాము. కొన్నేళ్ళ క్రితం, పిల్లల ఫీజులకై వసూలైన జకాత్ పైకం ఒక సభ్యుని దుకాణం గల్లాపెట్టెలో సొంత డబ్బుతో కలిసిపోయింది. అతడు దొంగ కాడు. తరువాత పైసలతో సహా కట్టేశాడు. కానీ అప్పటికే గడువు దాటింది. ఒక అమ్మాయి ఆ ఏడు పరీక్షకు కూర్చోలేకపోయింది. "పోనీలే, మనవాడే కదా" అని ఊరుకున్నవారిలో మేమూ ఉన్నాము. మరుసటి రంజానుకు వసూలుకు వెళితే, "ఈసారి మేమే ఇచ్చుకుంటాం భాయ్" అని గుమ్మంలోనే చెప్పేశారు. ఏం జవాబు చెప్పగలము?

మక్కావాసులు ముహమ్మద్ ప్రవక్త (స) వారిని అల్ అమీన్ అని పిలిచేవారు. ఆయన బోధను కాదన్నవారు సైతం తమ సొమ్ము ఆయన వద్దనే దాచుకున్నారు. 622లో ప్రాణాపాయంలో మదీనాకు బయలుదేరుతూ కూడా, ఆ సొమ్ము ఎవరిది వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (ర) గారిని వెనుక ఉంచారు. చంపజూచినవారి ఊరిలో!

ఇప్పుడు వసూలైన పైకం ఏ రోజుకారోజు బ్యాంకులో పడుతున్నది. లెక్కల పుస్తకం ఆ బల్లమీదనే ఉంది, భోజనాలకు లేచేముందు ఆడవారు మగవారు ఎవరైనా చూడవచ్చును. ఆ అమ్మాయి మరుసటి ఏడు పరీక్ష పాసయింది. వాళ్ళ నాన్నగారు మాత్రం నాటినుండి మన సభలకు రావడం లేదు. రేపు జుహర్ నమాజు తరువాత మేము వారింటికి వెళుతున్నాము.