ముందు మధ్యరేఖ గీయండి

పుదుచ్చేరిలో, యానాం పిల్లలు కూడా కూర్చున్న సభలో తెలుగులో మాట్లాడే అవకాశం దక్కింది. సంతోషం.

నా ఉద్యోగమంతా త్రికోణమితి చెప్పడంలోనే గడిచింది. ఒక బెంగ మాత్రం ఇప్పటికీ తీరలేదు. బోర్డు మీద సైన్ గ్రాఫ్ వేసి సమీకరణం రాయమంటే, గ్రాఫ్ వంక చూడకుండానే రాసేస్తారు. ఏమిటర్రా ఆ తొందర?

ఈ ఊరి పగటి నిడివినే తీసుకోండి, ఏడాది పొడవునా అదీ దాదాపు సైన్ గ్రాఫ్‌లాగే పెరిగి తగ్గుతుంది. జూన్ 21 ప్రాంతంలో ఇక్కడ పగలు దాదాపు 12 గంటల 49 నిమిషాలు, డిసెంబర్ 21 ప్రాంతంలో 11 గంటల 25 నిమిషాలు. రెంటికీ నడుమ 12 గంటల 7 నిమిషాల దగ్గర మధ్యరేఖ గీయండి. అక్కణ్ణుంచి శిఖరం ఎత్తు 42 నిమిషాలు, అదే కంపన పరిమితి. ఆవర్తనం 365 రోజులు. ఆ 365నే తెచ్చి రోజుల సంఖ్యకు గుణకంగా పెట్టేస్తారు! పెట్టాల్సింది రెండు పైలను 365తో భాగిస్తే వచ్చేది. జూన్ 21 నుంచి రోజులు లెక్కపెడితే వక్రం శిఖరం దగ్గర మొదలవుతుంది, కొసైన్ రాయండి. మార్చి 21 నుంచైతే మధ్యరేఖ దాటి పైకెక్కుతుంది, సైన్ రాయండి. ఇప్పుడు సెప్టెంబర్ 23కి లెక్కకట్టి, పంచాంగంలోని సూర్యోదయాస్తమయాలతో పోల్చండి. ఒకటి రెండు నిమిషాలకు మించి తేడా ఉండదు.

నా శిష్యుడొకడు ఇక్కడి సముద్రపు పోటుకు ఒకే కొసైన్ రాసి తెచ్చాడు. 12 గంటల 25 నిమిషాల ఆవర్తనం సరిగ్గానే పట్టాడు. వారం తిరిగేసరికి లెక్క నీటితో కలవలేదు. చంద్రుడి పోటుకు ఆ ఆవర్తనమే, సూర్యుడి పోటుకు మాత్రం సరిగ్గా 12 గంటలు. ఆ రెండూ కలిసొచ్చే అమావాస్యకు, పున్నమికి పోటు పెరుగుతుంది. అష్టమి వైపు తగ్గుతుంది. పిల్లవాడు అలగలేదు, రెండో కొసైన్ కూడి మళ్లీ తెచ్చాడు. అప్పుడు చాలావరకు కలిసింది. 1870లలో శాస్త్రవేత్త కెల్విన్ కట్టిన, పోటును ముందే లెక్కకట్టే యంత్రం చేసిందీ ఇలాంటి తరంగాల కూడికే. ఆ పిల్లవాడికి మార్కులు వేసినప్పటి తృప్తి నాకు మరెప్పుడూ కలగలేదు.

పిల్లలూ, రేపు ఏ కొలువులో చేరినా మీ చేతికి అంకెలొస్తాయి, సమీకరణం అడుగుతారు. రాయండి. రాసి, అందులో వాడని మరో రోజు కొలతతో సరిచూడండి. కలవకపోతే కొలతను దిద్దకండి, సమీకరణాన్ని దిద్దండి.