ఆకుకూరలోని విటమిను - మన సుబ్బారావుగారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను వైద్యుడను కాను, రైల్వే గుమాస్తాను. అయినను క్యాన్సరు మందును గురించి మాట్లాడ సాహసించుటకు కారణమున్నది. నిరుడు మా పక్క క్వార్టరులోని కుర్రవానికి ల్యుకీమియా అని తేలినది. రక్తము పట్టునని బంధువులు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు తెచ్చియిచ్చినారు. వైద్యుడు చూచి వెంటనే మాన్పించినాడు. విటమిను మాన్పించుటేమని నాకు వింతగా తోచి, విచారింపబోగా భీమవరము దాక పోవలసివచ్చినది.

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో అక్కడ జన్మించినారు. స్ప్రూ అను వ్యాధికి సోదరులను పోగొట్టుకొన్నారు. 1923లో అమెరికా చేరి, 1940లో లెడర్లీ పరిశోధనశాలలో ప్రవేశించినారు. 1945 నాటికి వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. స్ప్రూకు అదియే మందైనది! సోదరులకు మాత్రము అందలేదు.

మన దేహములో ప్రతి కణమును రెండగుటకు ఫోలేటు కావలెను. అది లేనిదే డి.ఎన్.ఎ. తయారుకాదు. క్యాన్సరు కణములకు ఆ అవసరము మరింత ఎక్కువ. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు ల్యుకీమియా పిల్లలకు ఫోలేటు సంబంధమైన పదార్థములిచ్చి చూడగా, జబ్బు త్వరపడినట్లు తోచినది. అయితే దానిని అడ్డగించిన నేమి? సుబ్బారావుగారి బృందము అమినోప్టెరిన్ పంపినది. మా రైల్వే భాషలో చెప్పవలెనన్న, అసలు వ్యాగను వంటిదే మరొకటి వచ్చి లైనుమీద నిలబడును, ఇక సరుకు కదలదు. 1948లో ఫార్బరు ప్రకటించిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినది. అది తాత్కాలికమే, కాని అంతకుముందు అదియును లేదు. ఆ ఆగష్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. మా కుర్రవానికిచ్చునదియు అదే. ఒక చేత అడ్డు, మరొక చేత సరుకు ఇచ్చిన ప్రయోజనమేమి?

ఇట్లని ఫోలేటు శత్రువనుకొనరాదు. తోటకూర, పాలకూర, పెసలు, సెనగలు తినుడు. లోపమున్నచో డి.ఎన్.ఎ. దెబ్బతినును. గర్భిణులు, గర్భము కోరువారు ఆ మాత్రలు మానరాదు. శిశువు వెన్నెముకకు అవి రక్ష. కాని మాత్రలు మ్రింగిన క్యాన్సరు రాదనుట నిలువలేదు. పెద్దప్రేగులో గడ్డలు తీయించుకొన్న వారికి రోజుకు 1 మి.గ్రా. ఇచ్చి చూచిన పరీక్ష 2007లో వెలువడినది, గడ్డలు తగ్గలేదు.

తోటకూర కూడ మానవలెనా అని ఆ కుర్రవాని తల్లి వైద్యుని అడిగినదట. కూర పెట్టవచ్చునమ్మా, నా చీటీ లేనిదే మాత్ర మాత్రము వద్దన్నాడట.